విదేశంలో కారు అద్దెకు తీసుకుంటున్నారా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి కాబట్టి అన్నిటికీ ఒకేచోట జవాబులు రాశాం. బుకింగ్ నుంచి కారు తిరిగి అప్పగించే దాకా వరసగా ఉన్నాయి. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. నిబంధనలు దేశాన్ని బట్టి, సంస్థను బట్టి మారతాయి. మీరు సంతకం పెట్టే ఒప్పందంలో ఏముంటే అదే చెల్లుతుంది. కౌంటర్‌లో మనిషి నోటిమాటగా చెప్పినదానికి విలువ లేదు.

## బుక్ చేసే ముందు

నా లైసెన్సు ఇంగ్లీషులోనే ఉంది. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ కూడా కావాలా?

చాలా దేశాల్లో కావాలి. పర్మిట్ అనేది మీ లైసెన్సుకు అధికారిక అనువాదం, అంతే. ఒంటరిగా అది చెల్లదు, అసలు లైసెన్సు కూడా పక్కన ఉండాలి. ఫోన్‌లో ఫొటో చూపిస్తే ఒప్పుకోరు.

పర్మిట్లలో రకాలున్నాయి. 1949 జెనీవా ఒప్పందం ప్రకారం ఇచ్చేది ఏడాది చెల్లుతుంది. 1968 వియన్నా ఒప్పందం ప్రకారం ఇచ్చేది గరిష్ఠంగా మూడేళ్లు. జపాన్‌లో 1949 రకం తప్ప మరొకటి చెల్లదు. వియన్నా పర్మిట్ పట్టుకెళ్లినవాళ్లకు అక్కడ తాళాలు ఇవ్వరు.

పర్మిట్‌ను మీకు లైసెన్సు ఇచ్చిన దేశంలోనే తీసుకోవాలి. వెళ్లాక అక్కడ తీసుకుందాంలే అనుకుంటే దొరకదు. ఆన్‌లైన్‌లో 'అంతర్జాతీయ లైసెన్సు' పేరుతో అమ్మే ప్లాస్టిక్ కార్డులు ఎక్కడా పనికిరావు. ఇంకో మెలిక: కౌంటర్‌లో పర్మిట్ అడగకుండానే కారు ఇచ్చేయొచ్చు. చట్టం అడిగే దేశంలో ఆ కాగితం లేకుండా ప్రమాదం జరిగితే బీమా సంస్థ చెల్లించకపోవడానికి అదే సాకవుతుంది.

డెబిట్ కార్డుతో పని జరగదా?

కొన్నిచోట్ల జరుగుతుంది, కానీ షరతులు ఎక్కువ. చాలా సంస్థలు ప్రధాన డ్రైవర్ పేరు మీదే ఉన్న క్రెడిట్ కార్డు అడుగుతాయి. భర్త పేరున బుక్ చేసి భార్య కార్డు ఇస్తే కుదరదు. ప్రీపెయిడ్, వర్చువల్ కార్డులను తిప్పి పంపుతారు. డెబిట్ కార్డు తీసుకునేచోట కూడా వాళ్ల ఖరీదైన పూర్తి రక్షణ కొంటేనే కారు ఇస్తామనడం మామూలే.

కార్డుకు అంత పట్టుబట్టడానికి కారణం డిపాజిట్. కారు ఇచ్చేటప్పుడు కొంత మొత్తం కార్డులో బ్లాక్ చేస్తారు. చిన్న కారుకే అది వందల యూరోలు ఉండొచ్చు, పెద్ద కారుకైతే వేలు దాటొచ్చు. ఆ మేరకు కార్డు పరిమితి ఖాళీగా ఉందో లేదో ముందే చూసుకోండి. కారు ఇచ్చేశాక ఆ బ్లాక్ వదలడానికి కొన్ని రోజుల నుంచి రెండు మూడు వారాలు పడుతుంది. హోటల్ బిల్లు కూడా అదే కార్డుతో కట్టాలనుకుంటే ఇబ్బంది పడతారు. పిన్ నంబరు గుర్తుంచుకోండి, యూరప్‌లో తరచూ అడుగుతారు.

సైట్‌లో రోజుకు మరీ తక్కువ ధర చూపిస్తోంది. అందులో మోసం ఉందా?

మోసం అననక్కర్లేదు, సగం ధరే చూపించి ఉంటారు. విమానాశ్రయం అదనపు రుసుము, 25 ఏళ్ల లోపు డ్రైవరుకు రోజువారీ రుసుము, రెండో డ్రైవరు, ఒక ఊళ్లో తీసుకుని మరో ఊళ్లో వదిలేసే రుసుము, కిలోమీటర్ల పరిమితి: ఈ ఐదూ చూశాకే ధరలు పోల్చండి. మెక్సికోలో చవక ధరకు కారణం వేరు. అక్కడ స్థానిక థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. చాలా సైట్లు దాన్ని చూపించే ధరలో కలపవు, కౌంటర్‌లో కలుపుతారు. అప్పుడు బిల్లు రెండు మూడింతలు కావడం అక్కడ వింతేమీ కాదు.

'లేదా అలాంటిదే' అని రాశారు. నాకు ఆటోమేటిక్ కారే కావాలంటే ఎలా?

మీరు బుక్ చేసేది తరగతిని. ఫొటోలోని కారే ఇస్తామని ఎవరూ హామీ ఇవ్వరు. తరగతిని నాలుగక్షరాల కోడ్‌లో రాస్తారు, ఉదాహరణకు సీ-డీ-ఎం-ఆర్. మొదటి అక్షరం పరిమాణం, రెండోది తలుపులు లేదా బండి రకం, మూడోది గేర్లు, నాలుగోది ఇంధనం, ఏసీ. మూడో అక్షరం 'ఎం' అయితే చేత్తో గేర్లు మార్చే కారు, 'ఏ' అయితే ఆటోమేటిక్. యూరప్‌లో చిన్న తరగతుల్లో మామూలుగా ఇచ్చేది గేర్ల కారే. ఆటోమేటిక్ తక్కువ ఉంటాయి, ధరా ఎక్కువే. కౌంటర్‌లో అడిగి మార్చుకుందాం అనుకోవద్దు. మీకు అలవాటు లేని వైపు స్టీరింగ్ ఉన్న దేశానికి వెళ్తుంటే గేరు రాడ్డు రెండో చేతికి వస్తుంది. అలాంటప్పుడు ఆటోమేటిక్‌కు పెట్టే అదనపు డబ్బు దండగ కాదు.

ధరలో సీడీడబ్ల్యూ ఉంది. ఇంక బీమా ఎందుకు కొనాలి?

సీడీడబ్ల్యూ అంటే కారు దెబ్బతింటే ఒక పరిమితి దాటిన నష్టాన్ని మీ దగ్గర వసూలు చేయబోమని సంస్థ ఇచ్చే మాట. ఆ పరిమితి దాకా మీరే కట్టాలి, దాన్నే ఎక్సెస్ అంటారు. ఎక్సెస్ 1,500 యూరోలు ఉండి, బంపరు బాగుకు 900 అయితే మొత్తం మీదే.

అసలు కిటుకు మినహాయింపుల్లో ఉంది. టైర్లు, చక్రాలు, అద్దాలు, కారు అడుగుభాగం, పైకప్పు, లోపలి సీట్లు, పోయిన తాళం, కాలిపోయిన క్లచ్, తప్పు ఇంధనం ఇందులోకి రావు. రోజువారీ ప్రయాణాల్లో ఎక్కువగా దెబ్బతినేవి కూడా ఇవే. పార్కింగ్ భవనంలో పైకప్పు తగలడం, పేవ్‌మెంట్ అంచుకు చక్రం రాసుకోవడం, ముందు లారీ టైరు కింది రాయి ఎగిరి అద్దం పగలడం. కాబట్టి అదనపు రక్షణ కొనేటప్పుడు 'ఎక్సెస్ సున్నా' అన్న మాట ఒక్కటే చూసి ఆగొద్దు. టైర్లు, అద్దాలు, అడుగుభాగం పేర్లు అందులో ఉన్నాయో లేదో చదవండి.

ఇవన్నీ మీ కారుకు. ఎదుటివాళ్లకు జరిగిన నష్టం వేరే లెక్క. యూరప్‌లో థర్డ్ పార్టీ బీమా చట్టప్రకారం అద్దెలోనే ఉంటుంది. అమెరికాలో సంస్థ ఇచ్చేది ఆ రాష్ట్రపు కనీస మొత్తమే కావచ్చు, కొన్నిచోట్ల అదీ ఉండదు. అక్కడి ఆసుపత్రి ఖర్చుల ముందు కనీస మొత్తం ఏ మూలకూ చాలదు. అమెరికాలో ఒక్కటే అదనపు రక్షణ కొనగలిగితే, ఎదుటివాళ్ల నష్టానికి సంబంధించినది కొనండి.

బ్రోకర్ సైట్‌లో ఫుల్ కవరేజీ కొన్నాం. అయినా కౌంటర్‌లో డిపాజిట్ ఎందుకు?

బ్రోకర్ అంటే వేరే సంస్థల కార్లను బుక్ చేసిపెట్టే మధ్యవర్తి. అతను అమ్మినది తర్వాత తిరిగి చెల్లించే పాలసీ. అద్దె సంస్థకు దానితో సంబంధం లేదు. గీత పడితే సంస్థ మీ కార్డు నుంచి తీసుకుంటుంది. ఒప్పందం, నష్టం నివేదిక, మరమ్మతు బిల్లు, కార్డు స్టేట్‌మెంట్ పంపితే బ్రోకర్ మీకు ఇస్తాడు. ఇది సంస్థ సొంత రక్షణ కన్నా బాగా చవక, కానీ పెద్ద డిపాజిట్‌కు కార్డులో చోటు ఉండాలి. 'మీ పాలసీ ఇక్కడ చెల్లదు' అని కౌంటర్‌లో అంటే కంగారుపడి రెండోసారి కొనొద్దు.

క్రెడిట్ కార్డుతో ఉచితంగా వచ్చే కారు బీమా చాలదా?

అద్దె మొత్తం ఆ కార్డుతోనే కట్టి, సంస్థ ఇచ్చే రక్షణ వద్దని రాసిస్తేనే చాలా కార్డుల బీమా మొదలవుతుంది. ఐర్లాండ్ వంటి కొన్ని దేశాలను మినహాయించే కార్డులున్నాయి. ఖరీదైన కార్లు, వ్యాన్లు, సుదీర్ఘ అద్దెలు కూడా బయటే. ఎదుటివాళ్ల నష్టం ఇందులో సాధారణంగా ఉండదు. వెళ్లే దేశం పేరు చెప్పి బ్యాంకు నుంచి రాతపూర్వకంగా తెప్పించుకోండి. కొన్ని సంస్థలు కౌంటర్‌లో ఆ ఉత్తరం అడుగుతాయి.

పిల్లల సీటు అక్కడే అద్దెకు తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు. అయితే రోజువారీ అద్దె కలిపి చూస్తే తరచూ కొత్త సీటు ధరవుతుంది, పైగా అడిగిన సైజు దొరుకుతుందన్న హామీ లేదు. బ్రిటన్‌లో 12 ఏళ్లు లేదా 135 సెంటీమీటర్లు, జర్మనీలో 12 ఏళ్లు లేదా 150 సెంటీమీటర్లు, ఏది ముందు వస్తే అప్పటిదాకా సీటు తప్పనిసరి.

## కౌంటర్ దగ్గర

విమానం ఆలస్యమైతే బుకింగ్ పోతుందా?

చెప్పకపోతే పోవచ్చు. బుకింగ్‌లో ఫ్లైట్ నంబరు తప్పకుండా రాయండి, అది ఉంటే ఆలస్యం వాళ్లకే తెలుస్తుంది. అయినా కౌంటర్ మూసే వేళ దాటితే ఎదురుచూడరు. చిన్న ఊళ్ల బ్రాంచీలు మధ్యాహ్నం, ఆదివారం మూసేస్తారు.

సంతకం పెట్టే ముందు ఏం చూడాలి?

ట్యాబ్‌లో సంతకం గడి మాత్రమే చూపిస్తారు. పైకి జరిపి చివరి మొత్తం చూడండి. మీరు అడగని రక్షణ, రోడ్డు సహాయం, పెద్ద కారు, ముందే కట్టే ఇంధనం అందులో కలిసి ఉండొచ్చు. కలిసి ఉంటే తీసేసి కొత్త కాగితం ఇవ్వమనండి. 'ఇది డిపాజిట్ మాత్రమే, తర్వాత తిరిగి వస్తుంది' అన్న మాట నమ్మి సంతకం పెడితే, తర్వాత అది కొనుగోలుగా తేలిన సందర్భాలు కోకొల్లలు.

కార్డు మెషీన్ మీ సొంత కరెన్సీలో కట్టాలా, స్థానిక కరెన్సీలోనా అని అడిగితే ఎప్పుడూ స్థానిక కరెన్సీయే నొక్కండి. మీ కరెన్సీ ఎంచుకుంటే మారకపు రేటు వాళ్లు వేస్తారు, అది దాదాపు ఎప్పుడూ మీకు నష్టమే.

కారు తీసుకునేటప్పుడు ఏమేం ఫొటోలు తీయాలి?

కారు కదలకముందే, ఆ పార్కింగ్ స్థలంలోనే, ఆపకుండా ఒక వీడియో తీయండి. నంబరు ప్లేటుతో మొదలుపెట్టి చుట్టూ తిరగండి. తర్వాత విడిగా నాలుగు చక్రాల అంచులు, టైర్ల పక్కగోడలు, ముందు అద్దం, పైకప్పు, బంపర్ల కింది అంచులు, తలుపుల అంచులు. లోపల సీట్లు, డ్యాష్‌బోర్డులో కిలోమీటర్లు, ఇంధనం ముల్లు. డిక్కీ తెరిచి స్టెప్నీ లేదా గాలి కొట్టే కిట్, జాకీ, ప్రతిబింబించే జాకెట్, త్రికోణం ఉన్నాయో చూడండి.

చీకటి బేస్‌మెంట్‌లో, వాన తడితో ఉన్న కారుపై గీతలు కనపడవు. వెలుతురులోకి తెచ్చి, నీళ్లు తుడిచి చూస్తామని అడగండి. సంస్థ ఇచ్చే నష్టాల పత్రంలో లేని ప్రతి గీతనూ రాయించుకుని సంతకం తీసుకోండి. సిబ్బంది లేకపోతే, గేటు దాటకముందే ఫొటోలు వాళ్ల మెయిల్‌కు పంపండి. సమయం నమోదైన ఆ మెయిల్‌తోనే తర్వాత వాదించగలరు.

దారిలో మా ఆయన కాసేపు నడిపితే ఏమవుతుంది?

ఆయన పేరు ఒప్పందంలో లేకపోతే, ఆ కాసేపట్లో ప్రమాదం జరిగితే రక్షణ మొత్తం రద్దు. ఎక్సెస్ పరిమితి కూడా వర్తించదు, కారు పూర్తి ధర మీ మీద పడొచ్చు. జీవిత భాగస్వామికి రుసుము వద్దనే సంస్థలు ఉన్నాయి, కానీ అక్కడా పేరు రాయించాల్సిందే.

## రోడ్డెక్కాక

పెట్రోలా డీజిలా, ఎలా తెలుసుకోవాలి?

ఇంధనం మూత లోపలి స్టిక్కరు చూడండి. 2018 అక్టోబరు నుంచి యూరోపియన్ యూనియన్‌లో కొత్త కార్ల మూతపైనా, బంకు నాజిల్‌పైనా ఒకే గుర్తులు ఉంటున్నాయి: గుండ్రటి గీత లోపల 'ఈ' అక్షరం ఉంటే పెట్రోలు, చదరంలో 'బీ' ఉంటే డీజిల్.

రంగును నమ్మొద్దు. యూరప్‌లో సాధారణంగా పచ్చ నాజిల్ పెట్రోలు, నల్లది డీజిల్. అమెరికాలో పచ్చది చాలాచోట్ల డీజిల్. జపాన్‌లో ఎరుపు మామూలు పెట్రోలు, పసుపు ప్రీమియం, పచ్చ డీజిల్.

పేర్లూ తికమక పెడతాయి. స్పెయిన్‌లో 'గసోలీనా' పెట్రోలు, 'గసోలియో' డీజిల్. ఇటలీలో 'బెంజీనా' పెట్రోలు, 'గజోలియో' డీజిల్. ఫ్రాన్స్‌లో 'గజోల్' డీజిల్. జపాన్‌లో చిన్న కార్లను 'కే' కార్లంటారు, డీజిల్‌ను 'కేయూ' అంటారు. 'కే' కారుకు 'కేయూ' కొట్టించి ఇంజిన్ ఆపేసుకునేవాళ్లు అక్కడి స్థానికుల్లోనూ ఉన్నారు.

డీజిల్ కారులో పెట్రోలు పోస్తేనే ఎక్కువ నష్టం. పెట్రోలు నాజిల్ సన్నగా ఉండటంతో డీజిల్ ట్యాంకులోకి సులువుగా దూరుతుంది. డీజిల్ పంపు భాగాలకు డీజిలే కందెన. పెట్రోలు ఆ పొరను కడిగేస్తే లోహం అరిగి, ఆ రజను ఇంజెక్టర్ల దాకా పోతుంది. పొరపాటు బంకులోనే తెలిస్తే తాళం తిప్పొద్దు, బటన్ నొక్కొద్దు. ఇగ్నిషన్ ఆన్ చేసినా ట్యాంకులోని పంపు పనిచేయడం మొదలెడుతుంది. న్యూట్రల్‌లో పక్కకు తోయించి సంస్థకు ఫోన్ చేయండి. ట్యాంకు కడిగించే ఖర్చుతో బయటపడొచ్చు.

ఇటలీలో ఊళ్లోకి కారు తీసుకెళ్తే జరిమానా అంటున్నారు, నిజమేనా?

నిజం. ఫ్లోరెన్స్, పీసా, బొలోన్యా, రోమ్ వంటి ఊళ్ల పాత భాగాల్లో జెడ్‌టీఎల్ అనే పరిమిత ప్రవేశ ప్రాంతాలున్నాయి. గేటు ఉండదు, పోలీసు ఉండడు, కెమెరా ఉంటుంది. ప్రవేశం దగ్గర వెలిగే బోర్డు మీద 'వార్కో అత్తీవో' అని కనిపిస్తే దారి తెరిచి ఉందనుకుని లోపలికి వెళ్లిపోతారు. దాని అర్థం పూర్తిగా తిరగబడి ఉంటుంది: కెమెరా పనిచేస్తోంది, అనుమతి లేనివాళ్లు రాకూడదు. 'నాన్ అత్తీవో' అని ఉంటేనే వెళ్లొచ్చు.

దారి తప్పి అదే కెమెరాను రెండుసార్లు దాటితే రెండు జరిమానాలు. ముందు సంస్థ మీ పేరు, చిరునామా పురపాలక సంస్థకు ఇచ్చినందుకు రుసుము కోసుకుంటుంది. అది జరిమానా కాదు. అసలు జరిమానా నెలల తర్వాత పోస్టులో వస్తుంది. విదేశీ చిరునామాకు నోటీసు పంపడానికి వాళ్లకు 360 రోజుల గడువుంది.

హోటల్ ఆ ప్రాంతం లోపలే ఉంటే నంబరు ప్లేటు ముందే వాళ్లకు పంపి, నమోదు చేశామని తిరుగు సందేశం తెప్పించుకోండి. లేదంటే బయట పార్కింగ్‌లో పెట్టి నడవడం మేలు. మ్యాప్ యాప్ అన్ని ప్రాంతాలనూ చూపించదు.

టోల్ బూతే కనపడలేదు. డబ్బు కట్టక్కర్లేదా?

కెమెరా మీ నంబరు చదివేసింది, కట్టాలి. డబ్లిన్ ఎం50 హైవే మీద మర్నాడు రాత్రి 8 గంటల లోపు, లండన్ పక్కన డార్ట్‌ఫర్డ్ దగ్గర థేమ్స్ నది దాటితే మర్నాడు అర్ధరాత్రి లోపు ఆన్‌లైన్‌లో కట్టాలి. పారిస్ నుంచి నార్మండీ వెళ్లే ఏ13 హైవే మీద గడువు 72 గంటలు. శాన్‌ఫ్రాన్సిస్కో గోల్డెన్ గేట్ వంతెన మీద 2013 నుంచి నగదు తీసుకోవడం లేదు.

కారులో టోల్ పరికరం ఉందా, అద్దె ఎంత, వాడిన రోజుకే రుసుమా, అద్దె రోజులన్నిటికీనా అని కౌంటర్‌లో అడగండి. చివరిదానికే చాలామంది దొరికిపోతారు: ఒక్క వంతెన దాటి, వారం రోజుల సేవా రుసుము కట్టేస్తారు.

కారులో పక్క దేశానికి వెళ్లొచ్చా?

ఒప్పందంలో ఆ దేశం పేరు ఉంటేనే. అనుమతి లేకుండా దాటితే రక్షణలన్నీ పోతాయి, కారు ఆగినా ఎవరూ రారు. ఖరీదైన జర్మన్ కార్లను తూర్పు యూరప్‌కు తీసుకెళ్లొద్దనే షరతు తరచూ కనిపిస్తుంది. పడవ మీద ఎక్కించడానికీ విడిగా అనుమతి అడగాలి. అమెరికా బీమా మెక్సికోలో చెల్లదు.

రోడ్డు పన్ను స్టిక్కరు మరో సంగతి, దాన్నే విన్యెట్ అంటారు. స్విట్జర్లాండ్ హైవేలకు ఏడాది విన్యెట్ ఒక్కటే ఉంది, ధర 40 ఫ్రాంకులు, ఒక్క రోజు వెళ్లినా అంతే. ఆస్ట్రియాలో ఒక రోజు, పది రోజుల రకాలు దొరుకుతాయి. స్విస్ కార్లకు విన్యెట్ ఉంటుంది, పక్క దేశం కార్లకు ఉండకపోవచ్చు. జెనీవా, బాసెల్-మ్యూలూజ్ విమానాశ్రయాల్లో స్విస్ వైపు, ఫ్రెంచ్ వైపు కౌంటర్లు వేరు. ఫ్రెంచ్ వైపు చవకని తీసుకుంటే విన్యెట్ సంగతి అడిగి చూసుకోండి.

ఐర్లాండ్‌లో వేగం కిలోమీటర్లలో, ఉత్తర ఐర్లాండ్‌లో మైళ్లలో. సరిహద్దులో గేటేమీ ఉండదు, బోర్డు మీది అంకెను చూసే పోల్చుకోవాలి.

ఐస్‌లాండ్‌లో మామూలు కారు చాలా?

ద్వీపం చుట్టూ తిరిగే రింగ్ రోడ్డుకు వేసవిలో చాలు. 'ఎఫ్' అక్షరంతో మొదలయ్యే కొండ రోడ్లకు నాలుగు చక్రాల డ్రైవ్ (ఇంజిన్ శక్తి నాలుగు చక్రాలకూ అందే బండి) తప్పనిసరి, మామూలు కారుతో వెళ్తే చట్టవిరుద్ధం, బీమా చెల్లదు. నాలుగు చక్రాల డ్రైవ్ ఉన్నా వాగు దాటుతూ ఇంజిన్‌లోకి నీళ్లు పోతే దాదాపు ఏ రక్షణా చెల్లించదు. గులకరాళ్లకు, ఇసుక-బూడిద గాలులకు విడివిడి రక్షణలు అమ్ముతారు. గాలికి తలుపు విరిగితే చాలా ఒప్పందాలు దాన్ని మీ అజాగ్రత్త అంటాయి. కారును గాలికి ఎదురుగా నిలిపి, తలుపును చేత్తో పట్టుకునే తెరవండి.

చలికాలంలో మంచు టైర్లు వాళ్లే వేసిస్తారా?

అన్నిచోట్లా వేయరు, అదనపు రుసుము ఉండొచ్చు. ఆస్ట్రియాలో నవంబరు 1 నుంచి ఏప్రిల్ 15 దాకా మంచు రోడ్డుపై చలికాలపు టైర్లు తప్పనిసరి. ఫ్రాన్స్‌లో గుర్తించిన కొండ ప్రాంతాల్లో నవంబరు 1 నుంచి మార్చి 31 దాకా ఆ టైర్లు గానీ, డిక్కీలో గొలుసులు గానీ ఉండాలి. టైరు పక్కగోడ మీద మూడు శిఖరాల కొండ, మధ్యలో మంచు రేకు గుర్తు వెతకండి.

## ప్రమాదం జరిగితే

చిన్న గీతే, ఎవరికీ దెబ్బ తగల్లేదు. పోలీసులను పిలవాలా?

ఒప్పందం అడిగితే పిలవాలి, చాలావరకు అడుగుతుంది. జపాన్‌లో పోలీసు నమోదు లేకపోతే ఎంత చిన్న ప్రమాదానికైనా బీమా రాదు. పైగా అక్కడ కారు మరమ్మతులో ఉన్న రోజులకు నష్టపరిహారంగా ఎన్‌ఓసీ అనే రుసుము విడిగా ఉంటుంది, మామూలు సీడీడబ్ల్యూ దాన్ని ఆపదు.

యూరప్‌లో రెండు కార్లు తగిలితే ఇద్దరూ కలిసి ఒకే ప్రమాద పత్రం నింపుతారు, అది గ్లవ్ బాక్సులో ఉంటుంది. గళ్లలో గుర్తులు, బొమ్మ సరిగ్గా ఉన్నాయో చూశాకే సంతకం పెట్టండి. బీమా సంస్థలు దాన్నిబట్టే తప్పెవరిదో తేలుస్తాయి. ఎవరికైనా దెబ్బ తగిలితే ముందు 112కు ఫోన్ చేయండి.

సంస్థ అనుమతి లేకుండా రోడ్డు పక్క గ్యారేజీలో బాగు చేయించొద్దు. ఆ బిల్లు తిరిగి రాదు, మళ్లీ మరమ్మతు చేశామని ఇంకో బిల్లూ వస్తుంది.

కారు దొంగలు ఎత్తుకుపోతే?

దొంగతనం రక్షణ పనిచేయాలంటే రెండు చూపించాలి: పోలీసు ఫిర్యాదు కాపీ, కారు తాళం. తాళం కారులోనే వదిలేసి ఉంటే రక్షణ చెల్లదు. కారులో పోయిన మీ సామానుకు ఇది వర్తించదు.

## తిరిగి ఇచ్చేటప్పుడు, ఇచ్చాక

ఇంధనం ఎంత నింపి ఇవ్వాలి?

నిండుగా తీసుకుని నిండుగా ఇచ్చే పద్ధతే మంచిది. ముందే ట్యాంకు డబ్బు కట్టి ఖాళీగా ఇచ్చే పద్ధతిలో మిగిలినది వాళ్లకు లాభం. కారు ఇచ్చే చోటికి దగ్గర్లోని బంకులో నింపి, రసీదు దాచండి. విద్యుత్ కారైతే ఎంత శాతం ఛార్జింగుతో ఇవ్వాలో ఒప్పందంలో చూడండి.

గంట ఆలస్యంగా ఇస్తే ఊరుకుంటారా?

అద్దె రోజంటే కారు తీసుకున్న నిమిషం నుంచి 24 గంటలు. కొందరు అరగంట దాకా, కొందరు గంట దాకా చూస్తారు, ఆ తర్వాత ఇంకో రోజు అద్దె పడుతుంది. ముందుగా ఇస్తే మిగిలిన రోజుల డబ్బు సాధారణంగా రాదు. కొన్నిసార్లు వారం ధర రద్దయి, రోజువారీ ధర లెక్కగట్టడంతో బిల్లు పెరుగుతుంది కూడా.

ఆఫీసు మూసి ఉంటే తాళం డబ్బాలో వేసి వెళ్లిపోవచ్చా?

వెళ్లొచ్చు, కానీ మర్నాడు వాళ్లు చూసేదాకా బాధ్యత మీదేనని చాలా ఒప్పందాల్లో ఉంటుంది. నిలిపిన చోటు, చుట్టూ కారు, ముల్లు, కిలోమీటర్లు, తాళం డబ్బాలో పడుతున్న దృశ్యం వీడియో తీయండి. వెళ్లే ముందు కారు తెర మీద మీ ఫోన్ జత తీసేసి, ఇంటి చిరునామా, కాల్ జాబితా చెరపండి.

ఇంటికొచ్చిన నెల తర్వాత కార్డు నుంచి డబ్బు కోశారు. ఏం చేయాలి?

ముందు దేనికో తెలుసుకోండి. జరిమానా వివరాలు ఇచ్చినందుకు రుసుమైతే అది ఒప్పందంలోనే ఉంటుంది, వాదించి లాభం లేదు. నష్టం పేరుతో అయితే రాతపూర్వకంగా నాలుగు అడగండి: తేదీ, సమయం ఉన్న ఫొటోలు, మీకు కారు ఇచ్చిన నాటి నష్టాల పత్రం, మరమ్మతు బిల్లు, కారు ఆగిన రోజుల లెక్క. అంచనా కాగితం బిల్లు కాదు. మీ వీడియో జతచేసి పంపండి. సరైన జవాబు రాకపోతే కార్డు బ్యాంకులో ఛార్జ్‌బ్యాక్ వేయండి, అంటే ఆ డబ్బు వెనక్కి ఇప్పించమని అడగండి. దానికి గడువు ఉంటుంది, కాబట్టి సంస్థ జవాబు కోసం నెలలు ఆగొద్దు. ఒప్పందం, రసీదులు, వీడియోలు కనీసం ఏడాది దాకా తీసేయకండి.